టూ మెనీ ఓపెన్ ఫైల్స్: షేర్డ్ హోస్టింగ్ సర్వర్‌లో ఫైల్ లిమిట్లను సరిచేయడం ఎలా

రాత్రి 11 దాటాక ఒక కస్టమర్ తన ప్యానెల్‌లో కొత్త డొమైన్ చేర్చుకున్నాడు. ప్యానెల్ మామూలుగానే కాన్ఫిగరేషన్ రాసి, సైట్లను అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అపాచీని రీస్టార్ట్ చేసింది. అపాచీ ఆగింది గానీ మళ్లీ లేవలేదు. ఆ ఒక్క సర్వర్ మీదున్న 336 సైట్లూ ఒకేసారి పడిపోయాయి. డిస్క్ చూశాను, సగం ఖాళీ. మెమరీ చూశాను, బోలెడంత ఉంది. సీపీయూ మీద లోడే లేదు. ఫోన్లు మాత్రం ఆగడం లేదు. ఎర్రర్ లాగ్ చివర్లో కనిపించింది ఇది: "(24) టూ మెనీ ఓపెన్ ఫైల్స్". దాని కిందే "అనేబుల్ టు ఓపెన్ లాగ్స్".

తీరిగ్గా లెక్క వేస్తే విషయం తేలింది. ప్రతి సైటుకూ యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్, బ్యాండ్‌విడ్త్ లెక్కించే లాగ్ అని మూడు ఫైళ్లున్నాయి. 336 సైట్లకు 1008. అపాచీ సొంత అవసరాలకు ఇంకో 10 నుంచి 20. ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ల లిమిట్ 1024. 337వ సైటు రాగానే లాగ్‌లే 1011 అయ్యాయి, మిగిలినవాటికి చోటు చాలలేదు. చాలాకాలంగా అంచు మీద నడుస్తున్న సర్వర్‌కు ఆ ఒక్క డొమైన్ చాలింది. నాకు ఇది అర్థం కావడానికి 40 నిమిషాలు పట్టింది. మీకు పది నిమిషాల్లో అర్థం కావాలని ఇది రాస్తున్నాను.

ఒక మాట. కమాండ్లను, ఫైల్ పేర్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో వేసుకోండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ముందు సంగతేమిటో తెలుసుకోండి

గుడి బయట చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. చెప్పులు పెడితే నంబరున్న టోకెన్ ఇస్తారు. లోపల అరలు ఎంత ఖాళీగా ఉన్నా, టోకెన్లు అయిపోతే తర్వాత వచ్చినవాళ్ల చెప్పులు తీసుకోరు. లైనక్స్‌లో ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ అలాంటి నంబరే ఇస్తుంది. దాన్ని ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. 0, 1, 2 ముందే కేటాయించి ఉంటాయి. ఫైల్ మూస్తే నంబరు వెనక్కి వెళ్తుంది, మూయకపోతే వెళ్లదు.

పేరులో ఫైల్ అని ఉన్నా లెక్కలోకి వచ్చేవి ఫైళ్లు మాత్రమే కాదు. బ్రౌజర్‌తో ఉన్న ప్రతి కనెక్షన్, డేటాబేస్‌తో మాట్లాడే సాకెట్, రెండు ప్రాసెస్‌ల మధ్య పైప్, అన్నిటికీ ఒక్కో నంబరు కావాలి. అందుకే ఇంటర్ ఫలితాల రోజున ఒక చిన్న న్యూస్ సైటుకు జనం విరగబడితే, ఒక్క కొత్త ఫైల్ తెరవకుండానే ఇదే ఎర్రర్ రావచ్చు.

మొదటి అడుగు: తగిలింది ఏ లిమిట్?

ఇక్కడ తొందరపడితే రాత్రంతా తప్పు చోట వెతుకుతారు. ఎర్రర్ నంబరు చూడండి. 24 అయితే ఆ ఒక్క ప్రాసెస్ తన కోటా దాటింది. 23 అయితే, అంటే మెసేజ్ చివర "ఇన్ సిస్టమ్" అని కూడా ఉంటే, సర్వర్ మొత్తానికి ఉన్న లిమిట్ నిండింది.

సర్వర్ మొత్తం లెక్క కోసం "క్యాట్ /ప్రాక్/సిస్/ఎఫ్ఎస్/ఫైల్-ఎన్ఆర్" కొట్టండి. మూడు అంకెలు వస్తాయి. మొదటిది ఇప్పుడు వాడుకలో ఉన్నవి, మూడోది గరిష్ఠం. మధ్యలోది 2.6 కెర్నెల్ నుంచీ ఎప్పుడూ 0 చూపిస్తుంది, దాన్ని వదిలేయండి. పాత సర్వర్లలో ఈ గరిష్ఠం ర్యామ్‌ను బట్టి వచ్చేది, ఒక జీబీకి సుమారు లక్ష. సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీ 240వ వెర్షన్ నుంచి మూడో అంకె 9223372036854775807 అని కనిపించవచ్చు, అంటే అక్కడ అడ్డే లేదన్నమాట. అందుకే ఈ రోజుల్లో 23 అరుదు, వచ్చేది దాదాపు ఎప్పుడూ 24 నంబరే.

ఇదే మెసేజ్‌ను ఇంకో దారి నుంచి తెచ్చేది ఐనోటిఫై, ఫైళ్లలో మార్పులను కనిపెట్టి చెప్పే కెర్నెల్ సదుపాయం. "టెయిల్ -ఎఫ్" కొట్టినప్పుడు "ఐనోటిఫై కెనాట్ బి యూజ్డ్" అంటూ టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అని వస్తే, ఫైల్ లిమిట్ ఎంత పెంచినా పోదు. చాలా సర్వర్లలో ఒక యూజర్‌కు 128 ఐనోటిఫై ఇన్‌స్టాన్స్‌లే ఇస్తారు. పెంచాల్సింది "ఎఫ్ఎస్.ఐనోటిఫై.మ్యాక్స్_యూజర్_ఇన్‌స్టాన్సెస్" అనే సెట్టింగ్.

"నా ఫైల్ లిమిట్ నిండిందట" అని కస్టమర్ ఫోన్ చేస్తే అది చాలాసార్లు ఐనోడ్ల కోటా. ఎకౌంట్‌లో మొత్తం ఎన్ని ఫైళ్లు పెట్టుకోవచ్చన్నది అది. తెరిచి ఉంచిన ఫైళ్లకూ దానికీ సంబంధం లేదు. షేర్డ్ హోస్టింగ్ కోసం చేసిన క్లౌడ్‌లైనక్స్ వాడుతుంటే 508 ఎర్రర్ కూడా వేరే కథే, అది ఎంట్రీ ప్రాసెస్‌ల వంటి ఎకౌంట్ లిమిట్ల వల్ల వస్తుంది.

రెండో అడుగు: ఎవరు పట్టుకుని కూర్చున్నారు?

అనుమానం ఉన్న ప్రాసెస్ నంబరు తీసుకోండి, ఉదాహరణకు 2211. "క్యాట్ /ప్రాక్/2211/లిమిట్స్" కొడితే వచ్చే పట్టికలో "మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్" లైన్ చూడండి. రెండు అంకెలుంటాయి. మొదటిది సాఫ్ట్ లిమిట్, ఎర్రర్ వచ్చేది దీన్ని తాకినప్పుడే. రెండోది హార్డ్ లిమిట్, మామూలు ప్రాసెస్ తనంతట తాను సాఫ్ట్‌ను అక్కడివరకే పెంచుకోగలదు. సాఫ్ట్ చాలా చోట్ల 1024 ఉంటుంది. హార్డ్ పాత సర్వర్లలో 4096, 2018 చివర్లో వచ్చిన సిస్టమ్‌డీ 240 నుంచి 524288.

మీ షెల్‌లో "యూలిమిట్ -ఎన్" కొట్టి చూసి తృప్తిపడకండి. అది మీ లాగిన్ లిమిట్ మాత్రమే చెబుతుంది. అపాచీది వేరు, డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌ది వేరు. నేను మొదట పోగొట్టుకున్న పది నిమిషాలు ఇక్కడే.

ఇప్పుడు ఎన్ని వాడుతోందో చూడాలి. "ఎల్ఎస్ /ప్రాక్/2211/ఎఫ్‌డీ" ఫలితాన్ని "డబ్ల్యూసీ -ఎల్"‌కి పంపితే అంకె వస్తుంది. "ఎల్ఎస్ఓఎఫ్" మొత్తం లైన్లు లెక్కపెట్టే అలవాటుంటే మానుకోండి. అది లోడయిన లైబ్రరీలను కూడా కలుపుతుంది. ఒకే లాగ్ ఫైల్‌ను అపాచీ పేరెంట్ తెరిచి తాను పుట్టించిన 150 పిల్ల ప్రాసెస్‌లకు పంచితే, పేరెంట్‌తో కలిపి 151 లైన్లు చూపిస్తుంది. సర్వర్ మొత్తం లెక్కలో అది ఒక్క ఓపెన్ ఫైలే. ఆ అంకె చూసి లక్షలు దాటిందని టెన్షన్ పడినవాళ్లను చూశాను.

అంకె కంటే విలువైనది ఆ జాబితాలో ఏముందన్నది. "ఎల్ఎస్ -ఎల్" వేసి ఒక్క నిమిషం నిదానంగా చదవండి. వరసగా డొమైన్ల పేర్లతో లాగ్ ఫైళ్లు కనిపిస్తే, నాకు జరిగిందే మీకూ జరిగింది. "సాకెట్:" అని మొదలయ్యే లైన్లు వందల్లో ఉంటే అవి కనెక్షన్లు. వాటి స్థితి "ఎస్ఎస్ -టీఏఎన్"‌లో చూడండి. అక్కడ క్లోజ్-వెయిట్ గుట్టగా పడి ఉందంటే, అవతలివాళ్లు ఫోన్ పెట్టేసినా మన ప్రోగ్రామ్ రిసీవర్ చెవి దగ్గరే పట్టుకుని ఉందన్నమాట. అది ప్రోగ్రామ్‌లో లోపం. లిమిట్ పెంచితే నిండడానికి ఇంకొంచెం టైం పడుతుంది, అంతే. లైన్ చివర "డిలీటెడ్" అని ఉంటే, ఎవరో లాగ్‌ను తుడిచేశారు గానీ ప్రాసెస్ ఇంకా దాన్ని వదల్లేదు. డిస్క్ ఖాళీ కాకపోవడానికి కూడా ఇదే కారణం. "ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1" అలాంటివన్నీ ఒకచోట చూపిస్తుంది, అందులో ఎల్ పెద్ద అక్షరం. పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్ కాన్ఫిగరేషన్ చివర సర్వీస్‌ను రీలోడ్ చేసే లైన్ ఉందో లేదో చూసుకోండి.

మూడో అడుగు: ప్రాసెస్ బతికుంటే, ముందు ఊపిరి పోయండి

సర్వీస్ ఇంకా నడుస్తూ కొన్ని రిక్వెస్టులకే ఎర్రర్ ఇస్తుంటే, రీస్టార్ట్ చేయకుండానే లిమిట్ పెంచవచ్చు. రూట్‌గా "పీఆర్‌లిమిట్ --పీఐడీ 2211 --నోఫైల్=16384:16384" కొట్టండి. మొదటి అంకె సాఫ్ట్, రెండోది హార్డ్. పేరెంట్‌కు పెంచితే ఆ తర్వాత పుట్టే పిల్లలకే వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్న పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వాలి.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలకు ఈ చిట్కా పెద్దగా పనికిరాదు. అవి లేచేటప్పుడే లిమిట్ చూసి తమ టేబుల్ క్యాష్‌ను, అంటే తెరిచి ఉంచే టేబుళ్ల సంఖ్యను, దానికి తగ్గట్టు సర్దుకుంటాయి, తర్వాత పెంచితే గమనించవు. రీస్టార్ట్ చేస్తే పీఆర్‌లిమిట్‌తో పెంచింది పోతుందని కూడా గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: శాశ్వతంగా పెంచడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "/ఈటీసీ/సెక్యూరిటీ/లిమిట్స్.కాన్ఫ్" తెరిచి అంకె మార్చి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, ఏమీ మారలేదని తల పట్టుకుంటారు. ఆ ఫైల్‌ను చదివేది పామ్ అనే లాగిన్ వ్యవస్థ, అంటే అది లాగిన్ అయ్యే మనుషుల కోసం. సిస్టమ్‌డీ లేపే సర్వీసులు ఆ గుమ్మం గుండా రావు.

సర్వీస్ కోసం చేయాల్సింది ఇది. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ హెచ్‌టీటీపీడీ" కొట్టండి. డెబియన్, ఉబుంటు అయితే చివర్లో "అపాచీ2". తెరుచుకున్న ఖాళీ చోట మొదటి లైన్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య "సర్వీస్", రెండో లైన్‌లో "లిమిట్‌నోఫైల్=16384" రాయండి. సర్వీస్‌లో ఎస్, లిమిట్‌లో ఎల్ పెద్దవి, నోఫైల్ మొత్తం పెద్ద అక్షరాలు. సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి. అపాచీకి రీలోడ్ చాలదు, పాత పేరెంట్ పాత లిమిట్‌తోనే కొనసాగుతుంది. ఫైల్‌ను చేత్తో రాసి పెట్టినట్లయితే మధ్యలో "సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్" కూడా కావాలి.

ఎంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్‌కు ఇంకో సులువైన దారి ఉంది. కాన్ఫిగరేషన్ పైభాగంలో "వర్కర్_ఆర్‌లిమిట్_నోఫైల్" పెట్టి రీలోడ్ చేస్తే కొత్త వర్కర్లు ఆ లిమిట్‌తో వస్తాయి. ప్రాక్సీగా వాడుతుంటే ఒక్కో విజిటర్‌కు రెండు నంబర్లు ఖర్చవుతాయి, బ్రౌజర్ వైపు ఒకటి, వెనక అపాచీ వైపు ఒకటి. వర్కర్ కనెక్షన్ల లెక్కలోకి కూడా ఈ రెండూ వస్తాయి, కాబట్టి 4096 పెట్టినా ఒక వర్కర్ మోసేది సుమారు 2048 మంది విజిటర్లనే. లాగ్‌లకూ ఫైళ్లకూ నంబర్లు కావాలి గనుక ఫైల్ లిమిట్‌ను 4096 కంటే ఎక్కువే ఉంచండి.

డేటాబేస్ సంగతి కాస్త లోతుగా చూడాలి, ఎందుకంటే అది అరవదు. అపాచీ అయితే పడిపోయి చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం లిమిట్ చాలకపోతే క్యాష్ తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తుంది. దాని ఎర్రర్ లాగ్‌లో లేచిన సమయం దగ్గర "చేంజ్డ్ లిమిట్స్: టేబుల్_ఓపెన్_క్యాష్: 431 (రిక్వెస్టెడ్ 2000)" అనే లైన్ ఉందేమో వెతకండి. ఆ 431 ఎక్కడిదంటే, లిమిట్ 1024లోంచి 10 పక్కన పెట్టి, 151 కనెక్షన్లకు తీసేసి, మిగిలిన 863ను రెండుతో భాగిస్తే వచ్చేది అదే. మీ సర్వర్‌లో 336 వర్డ్‌ప్రెస్ సైట్లుంటే, ఒక్కోదానికి ప్లగిన్లవి కాకుండానే 12 టేబుళ్ల చొప్పున 4032 టేబుళ్లు. 431 అరల్లో వాటిని తిప్పుతూ రోజంతా తెరవడం, మూయడమే దాని పని. సైట్లు నెమ్మదించాయని పీహెచ్‌పీని తిడుతుంటాం, జబ్బు ఇక్కడ ఉంటుంది. పాత రకమైన మైఐశామ్ టేబుల్ అయితే డేటాకు ఒకటి, ఇండెక్స్‌కు ఒకటి, కనీసం రెండు నంబర్లు తింటుంది. కొత్త రకమైన ఇన్నోడీబీకి టేబుల్‌కు ఒక ఫైల్ చాలు. కాబట్టి పాత మైఐశామ్ టేబుళ్లను మార్చడం కూడా వైద్యమే. సిస్టమ్‌డీలో లిమిట్ పెంచాక "ఓపెన్_ఫైల్స్_లిమిట్", "టేబుల్_ఓపెన్_క్యాష్" రెండూ కాన్ఫిగరేషన్‌లో పెంచండి. ఒకటి పెంచి రెండోది మరిస్తే ఫలితం ఉండదు.

ఎంత పెట్టాలి?

అపాచీకి నేను వేసే లెక్క ఇది. సైట్ల సంఖ్యను ఒక్కో సైటుకున్న లాగ్‌లతో గుణించండి. దానికి ఒక ప్రాసెస్ ఒకేసారి మోసే కనెక్షన్లకు మూడు చొప్పున కలపండి, విజిటర్ సాకెట్ ఒకటి, పంపుతున్న ఫైల్ ఒకటి, పీహెచ్‌పీ సాకెట్ ఒకటి. పైన 20 వేసి, మొత్తాన్ని రెట్టింపు చేయండి. 500 సైట్లు, 400 కనెక్షన్లు అయితే 1500, 1200, 20 కలిపి 2720, రెట్టిస్తే 5440. 8192 పెట్టుకుంటే హాయిగా సరిపోతుంది.

"ఎందుకీ లెక్కలు, ఇన్ఫినిటీ అని రాసేస్తే పోలా" అనిపిస్తుంది. వద్దు. కొన్ని ప్రోగ్రామ్‌లు కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ముందు లిమిట్ దాకా ఉన్న ప్రతి నంబరునూ ఒక్కొక్కటిగా మూస్తూ పోతాయి. లిమిట్ వంద కోట్లుంటే ఆ చిన్న పని నిమిషాలు పడుతుంది. లిమిట్‌ను బట్టి ముందే మెమరీ తీసేసుకునేవీ ఉన్నాయి. సాఫ్ట్ లిమిట్‌ను ఇన్నేళ్లూ 1024 దగ్గరే ఉంచడానికి కూడా కారణం ఉంది. సెలెక్ట్ అనే పాత పద్ధతి వాడే ప్రోగ్రామ్‌లు 1024 దాటిన నంబర్లను సరిగా పట్టుకోలేవు. అందుకే అన్ని సర్వీసులకూ ఒకేసారి పెంచకుండా, అవసరమైనదానికే పెంచండి.

కస్టమర్ల పీహెచ్‌పీ విషయంలో నా పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ లిమిట్ తక్కువగా ఉండడమే మేలు. పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో ఒక్కో కస్టమర్‌కుండే పూల్ ఫైల్‌లో "ఆర్‌లిమిట్_ఫైల్స్" 1024 లేదా 2048 చాలు. ఒక వర్డ్‌ప్రెస్ రిక్వెస్టుకు ఒకేసారి వందల ఫైళ్లు తెరిచి ఉంచాల్సిన పనే లేదు. ఎవరి ప్లగిన్ అయినా ఫైళ్లు తెరిచి మూయడం మరిస్తే, ఆ కస్టమర్ సైటే ఎర్రర్ ఇవ్వాలి, పక్కింటివాళ్లది కాదు. ఉమ్మడి గోడ లాంటి సర్వీసులకు పెంచండి, ఎవరి గది వాళ్లదైన చోట బిగించండి.

లాగిన్ యూజర్ల కోసం లిమిట్స్.కాన్ఫ్ మార్చాల్సి వస్తే ఒక హెచ్చరిక. అందులో నోఫైల్‌కు "అన్‌లిమిటెడ్" అని గానీ, "ఎఫ్ఎస్.ఎన్ఆర్_ఓపెన్" విలువ కంటే పెద్ద అంకె గానీ పెట్టకండి. ఆ విలువ చాలా చోట్ల 1048576. దాన్ని దాటితే కెర్నెల్ ఒప్పుకోదు, పామ్ లాగిన్‌నే తిప్పి పంపేస్తుంది, ఎస్ఎస్‌హెచ్ లోపలికి రానివ్వదు. మార్చే ముందు రెండో ఎస్ఎస్‌హెచ్ విండో రూట్‌గా తెరిచి పక్కన పెట్టుకోండి. మార్చాక మూడో విండోలో లాగిన్ అయి చూశాకే మిగిలినవి మూయండి.

ఐదో అడుగు: ఖర్చు తగ్గించండి

అపాచీలో సైటుకో లాగ్ బదులు అన్నిటికీ ఒకే లాగ్ పెట్టి, ప్రతి లైన్ మొదట "%వీ"తో సైటు పేరు రాయించవచ్చు. రాత్రికి అపాచీతో వచ్చే "స్ప్లిట్-లాగ్‌ఫైల్" దాన్ని సైట్ల వారీగా విడదీస్తుంది. యాక్సెస్ లాగ్‌లకు పోయే వందల నంబర్లు ఒక్కటికి దిగిపోతాయి. సీప్యానెల్ ఉంటే అపాచీ కాన్ఫిగరేషన్ కింద పైప్డ్ లాగ్ అనే ఎంపిక ఇదే పని చేస్తుంది. సైట్లు వెయ్యికి చేరుతున్నాయంటే లిమిట్ పెంచడం కంటే ఇదే మంచి దారి.

కీప్-అలైవ్ టైమ్‌అవుట్ 15 సెకన్లుంటే 3 నుంచి 5కి దించండి. పేజీ చదువుతూ ఊరికే కూర్చున్న విజిటర్ల సాకెట్లు తొందరగా వెనక్కి వస్తాయి. అదే సర్వర్‌లో మెయిల్ సర్వర్ డవ్‌కాట్ కూడా ఉంటే, లేచేటప్పుడు అది తనకెన్ని డిస్క్రిప్టర్లు కావాలో, ఎన్ని ఉన్నాయో లాగ్‌లో అంకెలతో సహా హెచ్చరిస్తుంది. ఆ లైన్ చదివి దానికీ అదే సిస్టమ్‌డీ మార్పు చేయండి.

ఆరో అడుగు: సరిచూసుకోండి, కాపలా పెట్టండి

రీస్టార్ట్ అయ్యాక మళ్లీ "/ప్రాక్" దగ్గరికి వెళ్లి కొత్త ప్రాసెస్ లిమిట్ చదవండి. పేరెంట్‌ది ఒకటే చూడకండి, ఒక చైల్డ్‌ది కూడా చూడండి. డేటాబేస్‌లో "షో వేరియబుల్స్"‌తో ఓపెన్_ఫైల్స్_లిమిట్ అడగండి. కాన్ఫిగరేషన్‌లో ఏం రాశారన్నది కాదు, అది చెప్పే అంకే అసలు అంకె. వీలున్న రాత్రి సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేసి ఇవే చూడండి. పీఆర్‌లిమిట్‌తో పెంచి, సిస్టమ్‌డీలో రాయడం మరిచిన సంగతి అప్పుడే బయటపడుతుంది.

తర్వాత ఐదు నిమిషాలకోసారి నడిచే చిన్న క్రాన్ స్క్రిప్ట్ పెట్టండి. ప్రతి ప్రాసెస్ ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, దాని సాఫ్ట్ లిమిట్‌లో 70 శాతం దాటితే మెయిల్ పంపాలి. ఈ స్క్రిప్ట్ రూట్‌గానే నడవాలి, లేకపోతే ఇతరుల ఫోల్డర్లు కనిపించక అంతా బాగుందనే చెబుతుంది. అపాచీకి మాత్రం ఇది ఒక్కటే చాలదు, లాగ్‌ల లెక్క మారేది కొత్త సైటు చేరినప్పుడు కాబట్టి. మా దగ్గర ఇప్పుడు ప్యానెల్ కొత్త ఎకౌంట్ సృష్టించే ముందే ఒక హుక్, అంటే దానంతటదే నడిచే చిన్న స్క్రిప్ట్, నడుస్తుంది. సైట్ల సంఖ్యను మూడుతో గుణించి, లిమిట్‌తో పోల్చి, 200 కంటే తక్కువ మిగిలితే ఎకౌంట్ సృష్టించడం ఆపేసి మాకు మెసేజ్ పంపుతుంది. ఆ మెసేజ్ పగలు వస్తుంది, సైట్లన్నీ నడుస్తుండగా.